సోఫా కుషన్‌లో ఏం నింపించాలి?

సోఫాలు అమ్మే చోట అందరి నోటా వినిపించే మాట డెన్సిటీ. ‘ఇది 32 డెన్సిటీ అండీ, అది 40. కావాలంటే నొక్కి చూడండి’ అంటారు అమ్మేవాళ్లు. కొనేవాళ్లు అరచేత్తో రెండింటినీ అదిమి చూసి, పెద్ద అంకె ఉన్నది గట్టిదనీ చిన్న అంకె ఉన్నది మెత్తదనీ తీర్మానించుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుంటారు కదా, మెత్తగా ఉంటేనే మంచిదని చాలామంది చిన్న అంకె వైపు మొగ్గుతారు. ధర కూడా కలిసొస్తుంది. కొంతకాలం గడిచేసరికి రోజూ కూర్చునే చోట గుంట పడుతుంది, కింది చెక్క ఒంటికి తగులుతుంది, కవరు ముడతలు పడి జారుతుంది. అప్పుడు సోఫానే మంచిది కాదనుకుంటాం. నిజానికి టేకు చట్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, గుడ్డ చిరగదు, చెడేది లోపలి సరుకొక్కటే. డెన్సిటీ చెప్పేది ఆ సరుకు ఎంతకాలం మన్నుతుందో. ఒంటికి ఎంత మెత్తగా తగులుతుందో చెప్పేది వేరే కొలత. ఈ రెంటినీ విడదీసి చూడటం అలవాటైతే కుషన్ ఎంపికలోని చిక్కులో చాలా భాగం విడిపోతుందని నా నమ్మకం. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది కూడా ప్రధానంగా అదే.

ముందు ఆ లోపలి సరుకు, అంటే పాలీయురిథేన్ ఫోమ్ అనే స్పాంజి, అసలేమిటో చూద్దాం. పాలీయురిథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు కనిపెట్టారు. మెత్తటి ఫోమ్‌గా అది 1950లలో బజారుకు వచ్చింది. పాలియోల్ అనే చిక్కటి ద్రవానికి డైఐసోసైనేట్‌నూ కొద్దిగా నీటినీ కలిపితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాంతో మిశ్రమం పులిసిన ఇడ్లీ పిండిలా పొంగి, నిమిషాల్లోనే పెద్ద దిమ్మగా బిగుసుకుంటుంది. ఆ దిమ్మను పలకలుగా కోసి అమ్ముతారు. పలక లోపలంతా కంటికి ఆనీ ఆనని చిన్న చిన్న గదులే. ఒక్కో గది అంచుల్లో సన్నటి కాడలుంటాయి. మనం కూర్చుంటే కాడలు వంగుతాయి, గదుల్లోని గాలి బయటికి పోతుంది. లేస్తే కాడలు నిటారవుతాయి, గాలి మళ్లీ లోపలికి వస్తుంది. 40 డెన్సిటీ అంటే ఒక ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని అర్థం. గాలి లేని గట్టి పాలీయురిథేన్ అయితే ఘనమీటరుకు సుమారు 1,200 కిలోలు తూగుతుంది. అంటే మన 40 డెన్సిటీ కుషన్‌లో దాదాపు 97 శాతం గాలే. మిగిలిన మూడు శాతమే మన బరువును ఏళ్ల తరబడి మోయాలి. 20 డెన్సిటీ ఫోమ్‌లో ఆ మూడు శాతం కూడా సగమైపోతుంది. కాడలు సన్నబడతాయి, వంగీ వంగీ త్వరగా తెగుతాయి. కుషన్ కుంగడమంటే లోపల జరిగేది ఇదే.

గట్టిదనం సంగతి వేరు. అది ఫోమ్‌లో ఎంత సరుకుందన్న దానికంటే, ఆ సరుకును ఏ పాళ్లలో కలిపారన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఒకే 40 డెన్సిటీలో దిండులా దిగే ఫోమ్ తయారుచేయవచ్చు, బల్లలా నిలిచే ఫోమూ తయారుచేయవచ్చు. పరిశ్రమలో గట్టిదనాన్ని కొలవడానికి వేరే పద్ధతి ఉంది. ఒక గుండ్రటి పళ్లెంతో ఫోమ్‌ను దాని మందంలో 25 శాతం దాకా, తర్వాత 40 శాతం దాకా, ఆపైన 65 శాతం దాకా నొక్కి, ఒక్కో దశలో ఎంత బలం పట్టిందో చూస్తారు. 25 శాతం దగ్గరి అంకె మొదటి స్పర్శ ఎలా ఉంటుందో చెబుతుంది. 65 శాతం దగ్గరిది, మనిషి పూర్తిగా కూర్చున్నాక అడుగున మోసే శక్తి ఎంతుందో చెబుతుంది. ఈ రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేదే సీటు విషయంలో అన్నిటికంటే పనికొచ్చే లెక్క. మామూలు ఫోమ్‌లో అది రెండుకు అటూ ఇటూగా ఉంటుంది. హెచ్ఆర్ ఫోమ్ అని పిలిచే హై రెజిలియెన్స్ రకంలో రెండున్నర దరిదాపుల్లో ఉంటుంది. అందుకే మంచి హెచ్ఆర్ ఫోమ్ పైన మెత్తగా తగులుతూనే, లోపలికి దిగేకొద్దీ గట్టిగా ఎదురు నిలుస్తుంది. మెత్తదనమా, మన్నికా అని రెంటిలో ఒకటి వదులుకోనక్కర్లేదు. రెండూ ఉన్న సరుకు ఉంది.

మన్నికకు కూడా పరీక్ష ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఫోమ్ ముక్కను 750 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 76 కిలోల బరువు పడినట్టుగా, 80,000 సార్లు గుద్ది, గట్టిదనం ఎంత తగ్గిందో చూస్తారు. ఒక సీటు మీద రోజుకు ఇరవై సార్లు కూర్చుని లేస్తే 80,000 సార్లు పూర్తవడానికి పదకొండేళ్లు పడుతుంది. టీవీకి ఎదురుగా ఉన్న సీటుకు అంతకాలం పట్టదు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఫోమ్ గట్టిదనం తగ్గడమన్నది ఏళ్లపొడుగునా సమానంగా జరగదు, మొదటి వారాల్లోనే ఎక్కువగా తగ్గి తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి దుకాణంలో సరిగ్గా సరిపోయిందనిపించిన కుషన్, ఇంటికొచ్చిన కొన్నాళ్లకు కాస్త ఎక్కువ మెత్తనైపోతుంది. కొనేటప్పుడు మనకు నచ్చినదానికంటే పిసరంత గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకోమని చెప్పేది ఇందుకే. అరచేత్తో నొక్కి చూడటం వల్ల ఇవేవీ తెలియవు. చేయి పై అంగుళాన్నే పరీక్షిస్తుంది, మనిషి కూర్చుంటే అడుగు అంగుళం దాకా పని పడుతుంది. పడుకున్నప్పుడు బరువు ఒంటి పొడుగునా పరుచుకుంటుంది. కూర్చున్నప్పుడు శరీరం బరువులో ఎక్కువ భాగం పిరుదుల కింది రెండు ఎముకల చుట్టూ, చదరపు అడుగు మేర చేరుతుంది. పరుపుకు చక్కగా సరిపోయిన ఫోమ్ సోఫా సీటుకు చాలకపోవడానికి కారణం ఇదే. పాత పరుపును కోసి సోఫాలో వేయించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే 40 డెన్సిటీ అని అడిగి తీసుకుంటే సరిపోతుందా? సరిపోదు. డెన్సిటీ అంటే బరువే కాబట్టి, బరువు పెంచే దొడ్డిదారులున్నాయి. ఫోమ్ పోసేటప్పుడే సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కలిపితే దిమ్మ బరువు పెరుగుతుంది, అంకె పెరుగుతుంది, మోసే కాడల బలం మాత్రం పెరగదు, పైగా అవి పెళుసెక్కుతాయి. తూకంలో 40 అని తేలినా అందులో కొంత సుద్దే. ఇక రీబాండెడ్ ఫోమ్ ఉంది. ఫోమ్ కోయగా మిగిలిన తుక్కును ముక్కలు చేసి, జిగురు కలిపి, అచ్చులో అదిమి తయారుచేస్తారు. రంగురంగుల ముక్కలు అతికినట్టు కనిపిస్తుంది. అది 80, 100 డెన్సిటీలో దొరుకుతుంది. అంకె చూసి అదే మేలైనదనుకోవడం పొరపాటు. గట్టిగా, బరువుగా ఉంటుంది గానీ ఒంటిని ఎదురు నెట్టే గుణం తక్కువ. అడుగున ఒక అంగుళం పొరగా వేస్తే మంచి పనే చేస్తుంది, మొత్తం సీటు దానితోనే చేస్తే బెంచీ మీద కూర్చున్నట్టే. తెల్లటి ఈపీఈ పలకలు కూడా కొన్ని సోఫాల్లో ఫోమ్ కింద దాక్కుని ఉంటాయి. సామాన్లు ప్యాక్ చేయడానికి వాడే సరుకది. కూర్చునే చోట ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. రంగును బట్టి నాణ్యత తేల్చడం కూడా కుదరదు. పసుపు, గులాబీ, నీలం అన్నీ తయారీదారులు తమ గుర్తు కోసం కలుపుకునే రంగులే. ఒక కంపెనీ పసుపుకూ మరో కంపెనీ పసుపుకూ పొంతన ఉండనక్కర్లేదు.

మరి కొనేవాళ్లు చేయగలిగిందేమిటి? తూకం వేయడం. రెండడుగుల చదరం, ఐదు అంగుళాల మందం ఉన్న సీటు కుషన్ తీసుకుందాం. పొడవు, వెడల్పు, మందాలను అంగుళాల్లో గుణించి, వచ్చినదాన్ని 61,000తో భాగిస్తే ఘనమీటర్లు వస్తాయి. 24, 24, 5 గుణిస్తే 2,880. భాగిస్తే 0.047. ఆ ముక్క నిజంగా 40 డెన్సిటీ అయితే సుమారు ఒక కిలో 900 గ్రాములు తూగాలి. 32 అయితే కిలోన్నర, 28 అయితే కిలో 300 చిల్లర. వంటింటి త్రాసు చాలు. తూకం సరిపోయాక రెండో పరీక్ష చేయాలి. ఒక అంచును గట్టిగా చిదిమి వేళ్ల మధ్య రుద్దితే తెల్లటి పొడి రాలకూడదు. పిడికిలి అడుగుదాకా దించి తీస్తే ఫోమ్ వెంటనే మొదటి మందానికి రావాలి. ప్రయోగశాలల్లో దీన్నే ఇనుప గుండుతో చేస్తారు. 50 సెంటీమీటర్ల ఎత్తునుంచి చిన్న గుండును ఫోమ్ మీద వదిలి ఎంత ఎత్తుకు ఎగిరిందో కొలుస్తారు. మంచి హెచ్ఆర్ ఫోమ్ మీద అది సగానికి పైగా ఎగురుతుంది. తూకం, ఎదురు నెట్టే గుణం, రెండూ కుదిరితేనే ఆ అంకెను నమ్మాలి. ఒక్కటే చూస్తే మోసపోయే అవకాశం ఉంటుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల మాట, మధ్యతరగతి ఇంటికి 28 చాలులే అనేవాళ్లున్నారు. ఆ మాటను తేలిగ్గా తీసేయను. సోఫా అంటే ఏ ఇంటికైనా పెద్ద ఖర్చే. కానీ లెక్క చూడండి. ఫోమ్ ధర ప్రధానంగా అందులోని సరుకు బరువును బట్టి నడుస్తుంది. పైన చెప్పిన కొలతలో 28కీ 40కీ తేడా ఒక్కో సీటుకు అరకిలో పైచిలుకు. మూడు సీట్ల సోఫా, రెండు విడి కుర్చీలు ఉన్న సెట్టుకు మొత్తం తేడా మూడు కిలోల లోపే. కలప, పాలిష్, గుడ్డ, కుట్టుకూలి, రవాణా ఏదీ ఈ తేడావల్ల పెరగదు. తక్కువ రకం ఫోమ్ కుంగిపోయి మళ్లీ నింపించాల్సి వస్తే మాత్రం ఆ కూలీ, రవాణా రెండోసారి తప్పవు. డబ్బు నిజంగా చాలకపోతే గుడ్డలో తగ్గించుకోవడం మేలు. ఖరీదైన కవరు తర్వాతైనా వేయించుకోవచ్చు. వెనక్కి ఆనుకునే దిళ్లలో తక్కువ రకం పెట్టినా నష్టం లేదు. సీటులో మాత్రం పొదుపు చేయకూడదు.

రసాయనాల ఫోమ్ ఎందుకు, మన పాత దూది ఉండగా అన్నది మరో అభ్యంతరం. దీని వెనుక ఉన్న మమకారం నాకు సబబుగానే తోస్తుంది. దూది గాలాడుతుంది, చెమటను పీల్చుకుంటుంది, ఎండలో వేస్తే పొంగుతుంది. అణిగిపోయిన పరుపును విప్పి, దూదిని మళ్లీ ఏకి, మళ్లీ నింపితే కొత్తదవుతుంది. ఫోమ్‌కు ఈ రెండో జన్మ లేదు. చేతివిల్లుతో దూది ఏకేవాళ్లు ఊళ్లలో తిరిగిన కాలంలో ఇది ఏటేటా జరిగే పని. కానీ దూది గుణం కిందికి అణగడమే. పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టి అట్టలా అవుతాయి, వాటంతటవి పైకి లేవవు. నేలమీద పరిచే పరుపుకు, దివాన్ మీద పరుపుకు, బాలీసుకు అది చాలు. రోజూ ఒకే చోట కూర్చునే సోఫా సీటుకు చాలదు, ఏటా ఏకించుకునే ఓపిక, ఏకేవాళ్ల జాడ ఉంటే తప్ప. బూరుగు దూది ఇంకా సున్నితం. ఆ పోగు లోపల బోలు, పైన మైనపు పూత. అందుకే నీటిని అంటించుకోదు, ఒకప్పుడు ప్రాణరక్షక జాకెట్లలో దాన్నే నింపేవారు. తలగడకు దానిని మించినది నాకు తెలియదు. బరువు పడితే మాత్రం ఆ బోలు పోగులు విరిగి పొడి అవుతాయి. కాబట్టి బూరుగు దూదిని తలగడలకూ, వీపు వెనక దిళ్లకూ ఉంచుదాం.

కొబ్బరి పీచు కథ కొంచెం భిన్నం. కోనసీమలోనూ కేరళలోనూ దొరికే పీచును తాడులా పేని, ఆవిరి పట్టించి మెలికలు నిలిచేలా చేసి, విప్పి, రబ్బరు పాలు చల్లి, అచ్చులో వేడిచేస్తే రబ్బరైజ్డ్ కాయర్ పలక తయారవుతుంది. గాలి ఇంత బాగా ఆడే సరుకు మరొకటి లేదు, ఉక్కపోత ఊళ్లకు అది పెద్ద సుగుణం. మరో పక్క అది వంగే గుణం తక్కువ సరుకు. ఒకే చోట పదేపదే బరువు పడితే పీచు విరిగి పొడి రాలుతుంది, అక్కడే పల్లమవుతుంది. అడుగున రెండంగుళాల కాయర్, పైన మూడంగుళాల మంచి ఫోమ్ వేస్తే రెండింటి గుణాలూ కలిసొస్తాయి. గట్టి సీటు కావాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగిన మంచి కూర్పు ఇదే. సహజమైనదే కావాలి, మెత్తగానూ ఉండాలి, మన్నాలి అనుకుంటే మిగిలేది రబ్బరు పాల నుంచి తీసిన లేటెక్స్ ఫోమ్. రబ్బరు పాలను గిలక్కొట్టి నురుగు చేసి గట్టిపరిచే పద్ధతిని 1929లో ఇంగ్లండ్‌లోని డన్‌లప్ సంస్థలో రూపొందించారు. ఎదురు నెట్టే గుణంలో మామూలు పాలీయురిథేన్ దీని ముందు నిలవదు. ధర బాగా ఎక్కువ, బరువూ ఎక్కువ. ఎండ, వేడి తగిలితే పెళుసెక్కి రాలిపోతుంది, రబ్బరు పాలు పడని శరీరాలూ కొన్ని ఉంటాయి. సహజమైనదంటే సర్వగుణ సంపన్నమని కాదు. కృత్రిమ రబ్బరు ఎక్కువగా కలిపిన లేటెక్స్‌ను కూడా అదే పేరుతో అమ్ముతారు కాబట్టి, డబ్బు పెట్టేవాళ్లు సహజ రబ్బరు ఎంత శాతమో అడిగి తెలుసుకోవాలి.

వీపు వెనక దిళ్ల సంగతికొస్తే అక్కడ పడే బరువు తక్కువ, కావలసింది ఒదిగే గుణం. బోలు పాలిస్టర్ పోగు, మన దుకాణాల్లో రెక్రాన్ అని పిలిచేది, ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఒకే సంచిలో నింపితే అడుక్కి జారి ఉండలు కడుతుంది. లోపల అడ్డకుట్లు వేసి రెండు మూడు గదులుగా చేసిన సంచిలో నింపించాలి. అదే పోగును పలుచటి షీటుగా సీటు ఫోమ్ చుట్టూ చుడితే అంచులు గుండ్రబడతాయి, కవరు నిండుగా కనిపిస్తుంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు అక్కడి దుకాణాల్లో బాతు ఈకలు, నూగు నింపిన దిళ్లు కనిపిస్తాయి. ఒంటికి హాయిగానే ఉంటాయి గానీ రోజూ కొట్టి సర్దుతుంటేనే ఆకారం నిలుస్తుంది. 1966లో నాసా పరిశోధనల నుంచి పుట్టిన మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. మే నెల ఎండల్లో దాని తీరు, డిసెంబరు చలిలో దాని తీరు ఒకటి కావు. సోఫా సీటుకు నేను దాన్ని సిఫారసు చేయను.

నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఎంత గట్టిదైతే అంత మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 313 మంది మీద స్పెయిన్‌లో జరిపిన పరీక్ష 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బాగా గట్టి పరుపు వాడినవాళ్లకంటే మధ్యరకం గట్టి పరుపు వాడినవాళ్లకే ఎక్కువ ఉపశమనం కలిగిందని తేలింది. అది పరుపుల మీద జరిగిన పరీక్ష, సోఫాకు యథాతథంగా వర్తింపజేయలేం. అయినా గట్టిదే మందన్న మాట మీద అనుమానం రావడానికి చాలు. సోఫాలో పెద్దవాళ్లకు అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. సీటు కుంగి తుంటి మోకాలికంటే కిందికి దిగితే, లేచేటప్పుడు భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. కాబట్టి వాళ్ల విషయంలో చూడాల్సింది కూర్చోకముందు సీటు ఎంత ఎత్తుందన్నది కాదు, కూర్చున్నాక ఎంత ఎత్తు మిగిలిందన్నది. 18 అంగుళాల సీటు మూడంగుళాలు కుంగితే మిగిలేది 15. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో ఉంటే, మొత్తం సెట్టు కాకపోయినా, చేతులున్న ఒక విడి కుర్చీ కుషన్‌నైనా గట్టి హెచ్ఆర్‌తో, ముందు అంచు దిగని విధంగా చేయించడం వాళ్లకు చేసే పెద్ద ఉపకారం.

మన వాతావరణం కూడా కుషన్ మీద పనిచేస్తుంది. వేడి, తేమ కలిసినప్పుడు అణిగిన ఫోమ్ పూర్తిగా తేరుకోదు. నాణ్యత చూసే పరీక్షలో ఫోమ్‌ను సగానికి అదిమి 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచడం ఇందుకే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల వాళ్లు ఈ కారణంగా డెన్సిటీలో ఒక మెట్టు పైకి వెళ్లడం మంచిది. దూది పరుపుల కాలంనాటి అలవాటు కొద్దీ ఫోమ్ కుషన్లను మేడమీద ఎండలో ఆరేస్తుంటారు. దూదికి మేలు చేసిన ఎండ ఫోమ్‌కు హాని చేస్తుంది. నేరుగా తగిలితే అది పసుపెక్కి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. నీడలో గాలికి ఆరనిస్తే చాలు. రెక్సిన్ కవరు వేయిస్తే గాలి పోవడానికి అడుగున గుడ్డ ముక్కో, చిన్న రంధ్రాలో ఉండాలి. కూర్చుంటే ఉస్సుమంటూ గాలి కుట్లలోంచి దూసుకొస్తోందంటే దారి లేదనే అర్థం, కొన్నాళ్లకు ఆ కుట్లే తెగుతాయి. ఇక కింద ఏముందన్నదీ ముఖ్యమే. సాగే బెల్టులు, జిగ్‌జాగ్ స్ప్రింగులు ఉన్న చట్రం కొంత దెబ్బను తాను తీసుకుంటుంది. ఉత్త ప్లైవుడ్ మీద అయితే నాలుగంగుళాల ఫోమ్ చాలదు, ఐదైనా ఉండాలి. ఫోమ్‌ను కవరు కొలతకంటే అరంగుళం ఎక్కువగా కోయిస్తే నిండుగా కూర్చుంటుంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పాలీయురిథేన్ అంటుకుంటే వేగంగా కాలి, కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోజన్ సయనైడ్‌నూ వదులుతుంది. 1979 మే 8న మాంచెస్టర్‌లోని వూల్‌వర్త్స్ దుకాణంలో ఫర్నిచర్ అంటుకుని పదిమంది చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్ 1988లో ఫర్నిచర్ అగ్నిభద్రత నిబంధనలు తెచ్చింది. కాలిఫోర్నియాలో 1975 నుంచి ఉన్న ప్రమాణంవల్ల ఫోమ్‌లో మంటను ఆపే రసాయనాలు ఎక్కువగా కలపడం మొదలైంది. వాటిలో కొన్ని ఆరోగ్యానికి చేటని తేలాక 2013లో ప్రమాణాన్ని మార్చి, ఫోమ్‌కంటే పై కవరు నిప్పురవ్వను ఎంత తట్టుకుంటుందన్న దానిమీద దృష్టి పెట్టారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అలాగని దూది, కొబ్బరి పీచు కాలవా? అవీ కాలతాయి. దూదిలో నిప్పు పైకి కనబడకుండా గంటల తరబడి రాజుకుంటుంది. కాబట్టి దోమల చక్రం, అగరుబత్తి, సిగరెట్టు, దీపావళి కాకరపువ్వొత్తులు సోఫాకు దూరంగా ఉండాలి. లోపల ఏది నింపించినా, పైన వత్తుగా నేసిన గుడ్డ వేయించాలి. కవరు చిరిగి ఫోమ్ బయటపడితే వెంటనే కుట్టించాలి.

మొత్తం మీద మన ఇళ్లలో మామూలు వాడకానికి నా తీర్పు ఇది. సీటులో నాలుగంగుళాల 40 డెన్సిటీ హెచ్ఆర్ ఫోమ్, దానిమీద ఒక అంగుళం మెత్తటి పొర, చుట్టూ రెక్రాన్ షీటు. వీపు దిళ్లలో గదులు కుట్టిన పాలిస్టర్ పోగో, బూరుగు దూదో. హెచ్ఆర్ దొరకని ఊళ్లో సుద్ద కలపని మామూలు 40 డెన్సిటీ అయినా ఫరవాలేదు. బిల్లుమీద ‘ఫోమ్ కుషన్’ అని ఒక్క మాట రాసి ఇస్తే ఒప్పుకోకండి. రకం, డెన్సిటీ, మందం, ముక్కల సంఖ్య విడివిడిగా రాయించుకోండి. కోసిన ఫోమ్‌ను కవర్లో దూర్చకముందే మీ కళ్లముందు తూకం వేయించండి.